పల్నాడు ఎండలో ఆరేళ్ల సన్‌స్క్రీన్: గ్రౌండ్‌లో నిలబడే ఒక టీచర్ అనుభవం

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. మా స్కూలు రెంటచింతలకు దగ్గర్లోనే ఉంటుంది. ఎండాకాలం వార్తల్లో ఆ ఊరి పేరు వినని వాళ్లు ఉండరు కాబట్టి మా ఎండ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పొద్దున ప్రేయర్, తర్వాత గేమ్స్ పీరియడ్లు, పోటీలు దగ్గర పడితే సాయంత్రం ప్రాక్టీసు. రోజుకు మూడు గంటలకు తక్కువ కాకుండా గ్రౌండ్‌లోనే ఉంటాను. పైగా స్కూటీ మీద రానూపోనూ నలభై కిలోమీటర్లు. 2019 వేసవి నుంచి సన్‌స్క్రీన్ వాడుతున్నాను. ఈ ఆరేళ్లలో డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే ఎక్కువ. అదంతా ఇక్కడ రాస్తున్నాను.

బ్రాండ్ పేర్లు మాత్రం రాయడం లేదు. నేను వాడుతున్న ట్యూబులోనే, పేరు అదే ఉండగా, లోపల సరుకు మారిపోవడం రెండుసార్లు చూశాను. పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా ట్యూబు వెనక ఏం చదవాలో తెలుసుకోవడం మేలు.

నేను దీని జోలికి వచ్చింది అందం కోసం కాదు, మంగు మచ్చల వల్ల. రెండో కాన్పు అయిన ఏడాదికి రెండు బుగ్గల మీద, పై పెదవి మీద గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి. మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఒక క్రీము ఇచ్చారు. పది రోజుల్లో ముఖం తెల్లబడింది. స్టాఫ్ రూమ్‌లో అందరూ ఏం రాస్తున్నావని అడిగేవాళ్లు. సంతోషంగా నాలుగు నెలలు ఆపకుండా రాశాను. ఆ తర్వాత ఒక్క రోజు మానేసినా ముఖం మంట. ఎండలోకి వెళితే కారం పూసినట్టు ఉండేది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు పైకి కనిపించాయి, గడ్డం మీద నూగు మొదలైంది. చివరికి గుంటూరులో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆ క్రీములో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు ఒక స్టెరాయిడ్ ఉన్నాయని ఆవిడ చెప్పారు. డాక్టర్ కనిపెట్టుకుని ఉండి కొన్ని వారాలు మాత్రమే వాడించాల్సిన మందు అది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది కూడా. అయినా నా చేతికి వచ్చింది. ఇది చదివి ఒక్కరైనా అలాంటి క్రీము పక్కన పెట్టి డాక్టర్‌ని కలిస్తే నాకు అంతకన్నా ఏం కావాలి.

"ముందు ఎండ ఆపుదామమ్మా. మచ్చల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు ఆవిడ. అలా మొదటి సన్‌స్క్రీన్ ట్యూబు వచ్చింది.

అది జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న చిక్కటి తెల్ల క్రీము. వీటిని మినరల్ సన్‌స్క్రీన్లు అంటారు. మండిపోతున్న నా చర్మానికి అదొక్కటే పడింది. చెమట పట్టి కళ్లలోకి కారినా మంట లేదు. కానీ చామనఛాయ ముఖం మీద తెల్లటి పూత తేలేది. మా గ్రౌండ్‌లో కబడ్డీ కోర్టుకు సున్నంతో గీతలు వేస్తాం. ఒక రోజు ఆరో తరగతి అమ్మాయి దగ్గరికి వచ్చి, "మేడం, ముఖానికి సున్నం అంటుకుంది" అని తన చేతిరుమాలు తీసి ఇచ్చింది. ఆ పిల్ల ప్రేమతోనే ఇచ్చింది. నేను మాత్రం ఆ రోజు నుంచి క్రీము తగ్గించేశాను. శనగగింజంత తీసుకుని ముఖమంతా సాగదీసి రాసేదాన్ని. తెల్లగా కనిపించకపోతే చాలనుకున్నాను.

ఆ వేసవి చివరికి మంగు ఇంకా నల్లబడింది. సన్‌స్క్రీన్ పనిచేయలేదని డాక్టర్‌కి చెబితే ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న.

"ట్యూబు ఎన్నాళ్లు వచ్చింది?"

"మూడు నెలలు దాటిందండీ."

"అయితే నువ్వు వాడనట్టే."

నాకు ఆ మాట ఎక్కలేదు. మా వీధి చివర కంసాలి షాపు ఉంది. ఆయన్ని చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. బంగారం తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద చిన్న ప్లాస్టిక్ కాగితం వేసి, నేను రోజూ రాసుకునేంత పిండాను. 0.3 గ్రాములు. తర్వాత డాక్టర్ చెప్పినట్టు చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి మీద అడుగు నుంచి కొన దాకా గీతలుగా పిండి, దాన్ని కాగితం మీదకి తీశాను. 1.2 గ్రాములు.

"ఏందమ్మా ఇది, బంగారం తూచే దాంట్లో క్రీము తూస్తన్నావు?" అన్నాడు బాబాయ్. "నాలుగో వంతు రాసి పని చేయట్లేదని ఏడుస్తన్నా బాబాయ్" అన్నాను.

ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే, ట్యూబు మీది ఎస్పీఎఫ్ అంకె ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి తేల్చినది. అందులో పావు వంతు రాస్తే ఎస్పీఎఫ్ 50 అని ఉన్నా మనకు దక్కేది ఆ అంకెకు చాలా దూరంలో ఉంటుంది. ముఖానికి, మెడకి కలిపి ఆ రెండు వేళ్ల కొలత కావాలి. రోజుకు రెండుసార్లు రాస్తే 2.4 గ్రాములు. అంటే 50 గ్రాముల ట్యూబు మూడు వారాలు. ఈ లెక్క వేసుకున్నాక నేను సన్‌స్క్రీన్ కొనే పద్ధతే మారిపోయింది. ఎనిమిది వందలు పెట్టి కొని పొదుపుగా రాసుకునే ట్యూబు కన్నా, నాలుగు వందల్లో వచ్చి చేయి వెనక్కి లాగకుండా రాసుకోగలిగే ట్యూబు మంచిది. నా జీతానికి నెలకు ఎంత పెట్టగలనో ముందు చూసుకుంటాను, ఆ తర్వాతే మిగతావి.

ఆ మిగతావి కూడా తక్కువేం కాదు. ఎస్పీఎఫ్ అనేది ముఖ్యంగా యూవీబీ గురించి, అంటే ఎండలో కంటికి కనిపించని యూవీ కిరణాల్లో చర్మాన్ని కాల్చే వాటి గురించి చెబుతుంది. సరిగ్గా రాస్తే ఎస్పీఎఫ్ 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం ఆపుతుంది. 50కి పైన అంకెల కోసం డబ్బు పెట్టను. చర్మాన్ని ముడతలు పడేసి, నల్లబరిచే యూవీఏ సంగతి ట్యూబు మీద పీఏ అనే అక్షరాల పక్కన ఉన్న ప్లస్‌లు చెబుతాయి. ఇది జపాన్ నుంచి వచ్చిన పద్ధతి, నాలుగు ప్లస్‌లు అన్నిటికన్నా ఎక్కువ. మూడు ప్లస్‌లకు తక్కువైతే తీసుకోను. యూవీఏ మామూలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. గుంటూరు వెళ్లే బస్సులో అద్దం మూసుకుని ఎండ వైపు కూర్చుని, లోపలే ఉన్నాను కదా అనుకునేదాన్ని.

రెండో ఏడాది జెల్‌కి మారాను. అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటి కెమికల్ ఫిల్టర్లు ఉన్నది. పూత లేదు, జిడ్డు లేదు, రెండు వేళ్ల కొలత రాసినా ఎవరికీ తెలియదు. హాయిగా అనిపించింది. కానీ ఖోఖో ఆడించే పావుగంటలో చెమట కళ్లలోకి దిగితే ఉల్లిపాయ కోసినట్టే. విజిల్ నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడాల్సి వచ్చేది. పిల్లలు పరిగెడుతున్నప్పుడు అది ప్రమాదం కూడా. కొన్నాళ్లకు ఒక దారి దొరికింది. నుదురు, కళ్ల చుట్టూ మినరల్ క్రీము, బుగ్గలు, ముక్కు, మెడ, చెవులకు జెల్. నుదుటి మీద కొద్దిగా తెల్లబడినా టోపీ కిందకి పోతుంది. ఆటలు ఆడించే వాళ్లకి, పొలం పనికి వెళ్లే వాళ్లకి, బండి మీద తిరిగే వాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే.

మంగు ఉన్న వాళ్లు టింటెడ్, అంటే చర్మం రంగు కలిపిన రకం గురించి తప్పక తెలుసుకోవాలి. మన రంగు చర్మంలో మంగును యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్లు ఆ వెలుగును పెద్దగా ఆపలేవు. టింటెడ్ వాటిలో రంగు కోసం కలిపే ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. నేను ఏడాదిన్నర వాడాను, బుగ్గల మీద అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది అప్పుడే. ఇబ్బంది ఏమిటంటే, చాలావాటి రంగు మన ముఖానికి కలవదు. ఒకటి నారింజ రంగు కొట్టింది, ఇంకొకటి పాలిపోయినట్టు ఉంది. మూడోది కలిసింది. తెల్ల చున్నీలన్నిటికీ మరకలు పడ్డాయి, ఇప్పుడు బండి మీద ముదురు రంగువే కట్టుకుంటున్నాను. ముదురు రంగు, దగ్గర నేత ఉన్న బట్ట ఎండను కూడా ఎక్కువ ఆపుతుంది. పల్చటి తెల్ల కాటన్ మనం అనుకున్నంత ఆపదు, తడిస్తే ఇంకా తక్కువ.

స్ప్రే ఒకసారి కొన్నాను. మా గాలికి సగం పక్కకే పోయింది, ఎంత పడిందో తెలిసే మార్గం లేదు. మళ్లీ కొనలేదు.

నిల్వ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మే నెలలో ఒక ట్యూబును స్కూటీ డిక్కీలో వదిలేశాను. వారం తర్వాత మూత తీసి పిండితే ముందు పల్చటి నీళ్లు కారాయి, వెనకాల గడ్డలు గడ్డలుగా వచ్చింది. విరిగిన పాలు చూసినట్టు ఉంది. సగానికి పైగా ఉన్న ట్యూబు పారేయడానికి మనసు రాలేదు కానీ పారేశాను. అలా విడిపోయిన క్రీము ముఖం మీద సమంగా పరుచుకోదు, ఎక్కడ కాపాడుతుందో ఎక్కడ లేదో తెలియదు. ఇప్పుడు ట్యూబు నా లంచ్ బ్యాగులో, నీళ్ల సీసా పక్కన ఉంటుంది.

వేడి వేరు, యూవీ వేరు అని అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. మేలో సాయంత్రం ఐదింటికి వడగాలి ముఖాన కొడుతుంటే అదే అన్నిటికన్నా చెడ్డ ఎండ అనుకునేదాన్ని. నిజానికి ఆ వేళకి యూవీ బాగా తగ్గిపోయి ఉంటుంది. జనవరిలో పదకొండింటికి చల్లగా, హాయిగా ఉంటుంది, అప్పుడు యూవీ గట్టిగానే ఉంటుంది. సంక్రాంతి ముందు పోటీలప్పుడు క్రీము లేకుండా నిలబడి మంగు పెంచుకున్నది అందుకే. ఫోన్‌లో వాతావరణం చూపించే చోట యూవీ ఇండెక్స్ అని ఉంటుంది. అది 3, అంతకు మించి ఉంటే జాగ్రత్త కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫోన్ లేకపోతే నీడ చూసుకోవచ్చు. మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉన్నట్టే. మా పిల్లలకి ఇది ఆటగా నేర్పాను, కర్ర పాతి కొలుస్తారు. పల్చటి మబ్బు పడితే ఎండ లేదనుకోకూడదు, యూవీ చాలావరకు దాటి వస్తుంది.

రెండు గంటలకోసారి మళ్లీ రాయాలంటారు. చెమటతో, దుమ్ముతో ఉన్న ముఖానికి అది ఎలా కుదురుతుందని నాకూ అనిపించింది. నేను చేసేది, మధ్యాహ్నం భోజనానికి ముందు తడి రుమాలుతో ముఖం అద్దుకుని, ఆరాక రెండు వేళ్ల కొలత మళ్లీ రాయడం. అంతకన్నా ఎక్కువసార్లు నాకు కుదరదు. అందుకే మిగతా భారం నీడ మీద వేశాను. హెచ్ఎం గారితో మాట్లాడి గేమ్స్ పీరియడ్లు చివరికి మార్పించాను, ఒంటిపూట బడులప్పుడు మొదటికి. ఆ మార్పు వల్ల నాకన్నా పిల్లలకి ఎక్కువ మేలు జరిగింది. మధ్యాహ్నం ఆటలే లేవు. చేతులకి క్రీము రాయను, పొడుగు చేతుల చొక్కా, బండి మీద గ్లవ్స్. ముఖానికి పెట్టడానికి డబ్బు అలా మిగులుతుంది.

ఎండకి నల్లబడ్డామని శనగపిండిలో నిమ్మరసం కలిపి రాసుకునే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళితే బొబ్బలు, నల్ల మచ్చలు రావచ్చు. దయచేసి వద్దు.

ఇక ఫలితం. బుగ్గల మీద మంగు దగ్గరగా చూస్తే తప్ప కనిపించనంత పల్చబడింది. పై పెదవి మీద ఇంకా ఉంది, ప్రతి మే నెలలో ముదురుతుంది, వానలు పడ్డాక తగ్గుతుంది. 2020లో స్కూళ్లు మూతపడి నెలల తరబడి ఇంట్లో ఉన్నప్పుడు ఏ మందూ రాయకుండానే సగం పల్చబడింది. నా ముఖానికి ఎండ ఎంత చేసిందో నాకు రుజువు అదే. స్టెరాయిడ్ వల్ల వచ్చిన మంట పోవడానికి ఏడాది పట్టింది, ఎర్ర నరాలు కొన్ని అలాగే ఉండిపోయాయి.

"మేడం, ఇది రాస్తే తెల్లబడతామా?" అని తొమ్మిదో తరగతి పిల్లలు అడుగుతుంటారు. తెల్లబడరు, తెల్లబడాల్సిన పనీ లేదు అని చెబుతాను. మన చర్మంలో ఉన్న నలుపు మనల్ని కొంతవరకు కాపాడుతుంది, తెల్లవాళ్లలా ఊరికే కాలిపోం, చర్మ క్యాన్సర్ కూడా వాళ్లతో పోలిస్తే మనకు తక్కువ. అయితే మచ్చలు పడే గుణం మనకే ఎక్కువ. క్రీము కొనే స్తోమత లేని పిల్లలకి టోపీ చాలు, అంచు చుట్టూ ఉన్నదైతే చెవులకి, మెడకి కూడా నీడ.

ట్యూబు మొదలుపెట్టిన తేదీని మార్కర్‌తో దాని మీదే రాసుకుంటాను. ఇప్పుడు వాడుతున్న దాని మీద ఆగస్టు 4 అని ఉంది. నెలాఖరు దాటినా ఇంకా మిగిలి ఉందంటే, మళ్లీ చేయి బిగబట్టానని అర్థం.