స్పీడ్ లిమిట్ అలర్ట్: ఏడు నెలలు వాడాక

ఈ కారు కొనేటప్పుడు నన్ను ఆలోచనలో పడేసింది ఒకే ఒక్క ఫీచర్. రోడ్డు స్పీడ్ లిమిట్‌ని మీటర్లో చూపించి, దాటితే హెచ్చరించేది. దానికోసం పై వేరియంట్ తీసుకోవాలా వద్దా అని రెండు వారాలు తేల్చుకోలేకపోయాను. షోరూమ్‌లో అడిగితే "బాగుంటుందండీ" అన్నారు, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇదే సందేహం ఉన్నవాళ్ల కోసం ఏడు నెలలు వాడాక రాస్తున్నాను.

పని చేసే తీరు ఇది. మన స్పీడ్ పక్కనే ఎర్ర వలయంలో ఇంకో అంకె కనిపిస్తుంది. ముందు అద్దం వెనకున్న కెమెరా రోడ్డు పక్కన బోర్డులు చదువుతుంది. బోర్డు దొరకని చోట జీపీఎస్, మ్యాప్ కలిసి చెప్పింది చూపిస్తుంది. దాటితే అంకె వెలిగి ఆరుతూ మూడు బీప్‌లు వస్తాయి. బ్రేకు మాత్రం మనమే వేయాలి.

ఆఫీసుకు వెళ్లే దారిలో లిమిట్ ఎనిమిదిసార్లు మారుతుంది. ఈ కారు వచ్చాకే లెక్కపెట్టాను. మా వీధిలో 30, మెయిన్ రోడ్డు మీద 50, బైపాస్ మీద 80, డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డెక్కితే 100. ఆ 100 మధ్యలో రెండు ఊళ్లు తగులుతాయి, అక్కడ మళ్లీ 50. చివర ఫ్యాక్టరీ గేటు లోపల 20. ఇన్నేళ్లుగా ఇదే దారిలో తిరుగుతున్నా, ఇందులో సగం నాకు తెలియదు.

దీని అసలు విలువ తెలిసేది హైవే మీద కాదు, హైవే ఊళ్లోకి వచ్చే చోట. గంటసేపు వందలో నడిపాక ఎనభైకి దిగితేనే బండి నత్తలా పోతున్నట్టు ఉంటుంది. కాలికి స్పీడ్ తెలియదు, ముందున్న స్పీడుతో పోల్చుకోవడమే దానికి తెలుసు. మూడో వారంలో మొదటి ఊరి బోర్డు దాటగానే బీప్ వచ్చింది. చాలా తగ్గించేశాననుకుంటూ మీటరు చూశాను కదా, 84 ఉంది. వెంటనే బ్రేకు వేశాను. మలుపు తిరిగేసరికి ఒక పెద్దాయన సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు, సైకిలుకి అడ్డంగా ఒక నిచ్చెన కట్టి ఉంది. ఆయన నావైపు చూడను కూడా లేదు. నిచ్చెన పూర్తిగా అవతలికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు కదిలాను. నేను పెట్టిన డబ్బు ఆ రోజే వసూలైంది.

ఇంటికెళ్లి లెక్క వేసుకున్నాను. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు, 50 అయితే 14. స్పీడు రెండింతలైతే బ్రేకు నొక్కాక బండి ఆగే దూరం సుమారు నాలుగింతలవుతుంది. ఊరు మొదలయ్యేచోట లిమిట్ ఒక్కసారిగా సగానికి ఎందుకు పడిపోతుందో నాకు అప్పుడు అర్థమైంది. 2020లో స్టాక్‌హోమ్‌లో వివిధ దేశాల మంత్రులు కలిసి చేసిన ప్రకటనలోనూ నడిచేవాళ్లు, సైకిళ్లు, బండ్లు తరచూ కలిసి తిరిగే చోట 30 దాటొద్దనే ఉంది. ఊళ్లో ఒక లిమిట్, బయట ఒకటి అన్నది కొత్త సంగతేమీ కాదు. బ్రిటన్‌లో 1865 నాటి చట్టమే ఇంజను బండ్లకు బయట గంటకు 4 మైళ్లు, పట్టణాల్లో 2 మైళ్లు అని పెట్టింది.

ఇక లోపాలు. మొదటిది, మామూలు సెట్టింగులో బోర్డు దాటిన రెండు సెకన్లకు గానీ బీప్ రాదు. వందలో ఉంటే అప్పటికే 55 మీటర్లు ఊళ్లోకి వచ్చేసినట్టు. మెనూలో 'ముందస్తు హెచ్చరిక' అని ఒకటి ఉంది, కంపెనీ దాన్ని ఆఫ్ చేసి ఇస్తోంది. కారు ఇంటికి తెచ్చిన రోజే ఆన్ చేసుకోండి. నేను మలుపు దగ్గరి ఆ సంఘటన తర్వాత గానీ చేయలేదు.

రెండోదే నన్ను బాగా ఇబ్బంది పెట్టేది. రెండో ఊరి ముందు 50 అన్న బోర్డు లేదు, ఊరి పేరు బోర్డు మాత్రమే ఉంది. కెమెరాకు అంకె దొరకదు, మ్యాప్‌లో ఆ ముక్క హైవే కిందే ఉంది. దాంతో ఇళ్ల మధ్య, పిల్లల మధ్య నడుస్తున్నా మీటర్లో 100 అలాగే ఉంటుంది. సర్వీస్ సెంటర్లో చెబితే "బోర్డు లేకపోతే మేమేం చేస్తాం మేడమ్" అన్నారు. ఆ జవాబు నేను ఒప్పుకోను. లిమిట్ ఎప్పుడూ అంకె రూపంలోనే ఉండదు. జర్మనీలో పసుపు రంగు ఊరి పేరు బోర్డు దాటితే 50 అనే లెక్క, విడిగా అంకె అక్కర్లేదు. బ్రిటన్‌లో చాలాచోట్ల వీధి దీపాల వరుస మొదలైతే 30 మైళ్లు. స్పెయిన్‌లో 2021 మే నుంచి ఊళ్లో ఒక్కోవైపు ఒకే లైన్ ఉంటే 30, రెండు లైన్లుంటే 50. ఫ్రాన్స్ మోటార్‌వే మీద మామూలుగా 130, వాన పడితే 110. అంటే ఈ పరికరం అంకె చదివితే సరిపోదు, చోటును చదవాలి. చదవలేకపోతే అంకె తీసేసి ఖాళీ గీత చూపించాలి. తప్పు అంకె చూపించడం కన్నా ఏమీ చూపించకపోవడమే నయం.

చిన్నాచితకావి ఇంకొన్ని. ముందు వెళ్తున్న లారీ వెనక 80 అన్న స్టిక్కర్‌ని ఒకసారి రోడ్డు బోర్డు అనుకుంది. సర్వీస్ రోడ్డు కోసం పెట్టిన 40ని మెయిన్ రోడ్డు మీద నాకు చూపించింది. బడి దగ్గర బోర్డు కింద వేళలు రాసి ఉంటాయి, వాటిని చదవదు కాబట్టి ఆదివారం కూడా 30 అంటుంది. ఇది నాకు పెద్ద తప్పుగా అనిపించలేదు.

మా అన్నయ్య తన గూడ్స్ బండికి విడిగా దొరికే ఇలాంటి పరికరమే పెట్టించాడు. అది అతనికీ కారు లిమిట్టే చూపిస్తోంది. భారత్‌లో కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠం 100, సరుకు బండికి 80. రాష్ట్రాలు ఇంకా తగ్గించవచ్చు. కాబట్టి లారీ, వ్యాను నడిపేవాళ్లు కొనేముందు బండి రకం ఎంచుకునే వీలుందో లేదో అడిగి తీసుకోండి.

యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే ప్రతి కారులోనూ ఇలాంటిది తప్పనిసరి. అన్నిచోట్లా, కింది వేరియంట్లలో కూడా రావాలని నా కోరిక. నా మట్టుకు అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ రెండో ఊరి కోసం. ఆ ఊరికి ముందు ఒక కల్వర్టు ఉంది, దాని గోడకు తెల్లసున్నం వేసి ఉంటుంది. అదే నాకు బోర్డు. అది కనపడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాను. మీటర్లో అప్పటికీ 100 అనే ఉంటుంది.