రూట్ చేసిన ఫోన్‌లో బ్యాంకు యాప్: దాచి వాడటం మేలా, వేరే ఫోన్ మేలా?

ఫోన్ రూట్ చేశాక, అంటే దాని సిస్టమ్‌పై పూర్తి అధికారం తెచ్చుకున్నాక, చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. అప్పుడు మూడు దారులుంటాయి: రూట్‌ను యాప్‌కు కనబడకుండా దాచడం, రూట్ తీసేసి బూట్‌లోడర్‌ను (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను) మళ్లీ లాక్ చేయడం, డబ్బు వ్యవహారాలకు వేరే ఫోన్ పెట్టుకోవడం.

ఎక్కువమంది వెళ్లేది మొదటి దారిలోనే. రూట్ చేయడానికి వాడే మ్యాజిస్క్‌లో డినైలిస్ట్ (రూట్ కనబడకూడని యాప్‌ల జాబితా) ఆన్ చేసి, ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చారా అని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షను దాటించే మాడ్యూల్ (అదనపు కోడ్) ఒకటి వేస్తారు. యాప్ తెరుచుకుంటుంది, నిజమే. కానీ ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ డేటా ఇంకో యాప్‌కు అందదు. రూట్ అధికారం ఉన్నదానికి ఆ అడ్డు లేదు. పొరపాటున ఆ అధికారం చెడ్డ యాప్ చేతికి వెళ్లిందంటే బ్యాంకు యాప్ ఫైళ్లు, ఓటీపీ మెసేజ్‌లు, తెరమీద కనిపించేవి అన్నీ దానికి దొరుకుతాయి. దాచడం వల్ల బ్యాంకు యాప్ కళ్లు మూయగలం గానీ దొంగను ఆపలేం. పైగా గూగుల్ పరీక్ష మారినప్పుడల్లా కొత్త మాడ్యూల్ వెతుక్కోవాలి, ఎవరు రాశారో తెలియని కోడ్‌కు మళ్లీ పూర్తి అధికారం ఇవ్వాలి. నాకు అసలు భయం ఇదే. కరెంటు బిల్లు ఆఖరి రోజున యాప్ మొండికేస్తే, ఆ టెన్షన్‌లో ఏ లింకు కనిపిస్తే అది దించేసుకుంటారు.

రెండో దారి పిక్సెల్ ఫోన్లలో బాగానే పనిచేస్తుంది. కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కించాకే లాక్ చేయాలి, లేకపోతే ఫోన్ అసలు ఆన్ కాకపోవచ్చు. ఫోన్‌లోని డేటా ఎలాగూ చెరిగిపోతుంది కాబట్టి ముందే బ్యాకప్ తీసుకోండి. శాంసంగ్‌లో కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పోయే నాక్స్ ఫ్యూజ్ అనే భద్రతా గుర్తు ఉంటుంది, అది ఒకసారి పోయిందంటే తిరిగి రాదు. లాక్ చేసినా సెక్యూర్ ఫోల్డర్ (ఫైళ్లు, యాప్‌లు విడిగా దాచుకునే చోటు) లాంటివి పనిచేయవు.

రూట్ వదులుకోలేనివారికి నేను చెప్పేది మూడో దారే. యూపీఐ యాప్ మొదలుపెట్టాలంటే బ్యాంకులో నమోదైన సిమ్ అదే ఫోన్‌లో ఉండి, దాని నుంచే మెసేజ్ వెళ్లాలి. అందుకని సిమ్ కూడా ఆ రెండో ఫోన్‌లోకే మార్చాలి. ఇది కాస్త ఇబ్బందే అయినా, ఓటీపీలు రూట్ ఫోన్‌కు రాకుండా పోతాయి. అంతకన్నా కావలసిందేముంది? అయితే బీరువాలో మూలపడ్డ పాత ఫోన్ తీయకండి. ఏళ్లుగా సెక్యూరిటీ అప్‌డేట్ రాని ఫోన్‌లోనూ చాలా యాప్‌లు తెరుచుకుంటాయి, అంతమాత్రాన అది భద్రమని కాదు. తక్కువ ధరదైనా ఇంకా అప్‌డేట్లు వస్తున్న ఫోన్ చూసి తీసుకోండి. రూట్ చేసిన ఫోన్‌లో బ్యాంకుకు సంబంధం లేని నంబరు వేసుకుంటే సరి.