మిషన్ కాకతీయ పూడిక మట్టి: మా ఊరి చెలకల సమీక్ష

46,000కు పైగా చెరువులను పునరుద్ధరించాలన్న లక్ష్యంతో తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చి 12న నాటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయను ప్రారంభించింది. అందులోని ఒక్క ఏర్పాటునే ఇక్కడ సమీక్షిస్తున్నాను: పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది.

మాది వాన వెలిసిన నాలుగో రోజుకే తడి ఆరిపోయే ఎర్ర చెలక. ఎకరానికి 40 ట్రాక్టర్ల మట్టి తోలించాను. మరుసటి వానాకాలం పది రోజుల బెట్టకు కూడా పత్తి వాడిపోలేదు, ఎరువుల ఖర్చూ తగ్గింది. ఇప్పటికీ దున్నుతుంటే చాళ్లలో తెల్లటి నత్తగుల్లలు బయటపడతాయి. నేల విషయంలో ఈ పథకానికి వంక పెట్టలేను.

మనుషుల విషయం అంత తేలికగా తేలలేదు. మొదటి వారం సొంత ట్రాక్టర్లు ఉన్నవారే నల్లటి మేలు మట్టినంతా తరలించుకుపోగా, రెండెకరాల ఒంటరి మహిళ ఒకామె రోజూ కట్ట మీద నిలబడి చూసి వెళ్లేది. అది చూడలేక పెద్దలు అందరినీ కూర్చోబెట్టారు. చీట్లు వేసి వంతులు నిర్ణయించారు. ట్రాక్టరు లేనివారు డీజిలు పోయించి, బాడుగకు బదులు వరి కోతల్లో పనికి వచ్చేలా ఒప్పుకున్నారు. గెట్టు తగాదాతో ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములలో తమ్ముడు, అన్న ట్రాక్టరుకు తన చేనులోంచి దారి ఇచ్చాడు. వాళ్లు నేటికీ ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లరు గానీ, ఆ బండ్లబాట మాత్రం మూతపడలేదు.

నన్ను ఎక్కువగా బాధించింది కౌలుదారుల సంగతి. నోటి మాటతో ఏడాదికి కౌలుకు తీసుకున్న చేనులో ఎవరు మట్టి పోస్తారు? ధైర్యం చేసి పోసిన ఒకరి చేనును యజమాని మరుసటి ఏడే వెనక్కి తీసుకున్నాడు, మట్టి ఖర్చు తిరిగి ఇవ్వలేదు. తవ్వకానికి చెరువు ఖాళీ చేసేముందు చేపలు పట్టి బతికేవారిని మేము అడగనైనా అడగలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే, ఊరి వాళ్లది.

మీ ఊళ్లో ఇలాంటి పని మొదలైతే తప్పక చేరమంటాను. అయితే ప్రొక్లెయిన్ చెరువులో దిగకముందే వంతులు తేల్చుకోండి, కౌలుకు కనీసం మూడేళ్ల కాగితం రాయించుకోండి. మా వంతుల పుస్తకం ఇప్పుడు చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటి దగ్గర ఉంది. యాసంగిలో తూము తిప్పే వరుస కూడా అందులోనే రాస్తున్నారు.