మూడు ఎండాకాలాలు దాటిన పిన్‌బాల్ గ్లాస్, దాన్ని కాపాడిన మడత బందులు

స్టీలు గోళీని కొట్టి స్కోరు చేసే పిన్‌బాల్ మిషన్‌కి పైన నిలువుగా బొమ్మలతో వెలిగే అద్దం ఉంటుంది కదా, బ్యాక్‌గ్లాస్ అంటారు, అది బెజవాడ పటమటలో మా ఇంటి పైఫ్లోర్‌లో ఉన్న చిన్న బార్ గదిలో గోడకి పెట్టించి మూడేళ్లు కావస్తోంది. 2023 సంక్రాంతి వెళ్లాక బిగించాం. అప్పుడు ఫొటోలు చూసి అడిగినోళ్లందరికీ ఒక చెక్క పెట్టె, అందులో ఎల్ఈడీ స్ట్రిప్, అంతే, ఇంకేం అక్కర్లేదు అని చెప్పా. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. కానీ పెట్టెకి పెట్టిన మడత బందుల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే, అసలు ఇది రాయడానికి కూర్చుంది వాటి కోసమే.

గ్లాస్ పిన్‌బాల్ మిషన్లు చేసిన గాట్లీబ్ కంపెనీ వాళ్ల రాయల్ ఫ్లష్ అనే గేమ్‌ది, 1976ది, బొమ్మ గీసింది గోర్డన్ మోరిసన్. పేకముక్కల గేమ్. మా ఇంట్లో పండక్కి పేక లేకుండా పొద్దుపోదు కాబట్టి షికాగో దగ్గరుండే మా అన్నయ్య ఏరికోరి ఇదే పట్టుకొచ్చాడు, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య ఫోమ్ పెట్టి. గాట్లీబ్ కంపెనీ ఉండేదీ ఆ చుట్టుపక్కలే.

కొత్తగా కొనేవాళ్లకి ఒక్కటి చెప్పాలి. బొమ్మ అద్దానికి ముందువైపు ఉండదు, వెనకవైపు అచ్చేస్తారు, తిరగేసి. రంగు మీద రంగు పొరలుగా. వెనక నుంచి బల్బులు వెలిగితే ఆ రంగుల్లోంచి వెలుగొస్తుంది. పాత మిషన్లలో 44 నంబరు బల్బులని 6.3 వోల్టులవి ఉండేవి, ఒక్కోటీ చిన్నదే గానీ అన్నీ కలిసి ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి, రంగు ఎండిపోయి పెచ్చులూడిపోతుంది. నాకొచ్చిన దాంట్లో కూడా కింద అంచున కాస్త ఊడింది. అందుకే బల్బులొద్దు, ఎల్ఈడీ పెడితే వేడే ఉండదు, ఇక భయం లేదు అనుకున్నా. వేడి బల్బు నుంచే రావాలా, బెజవాడలో పడమటి గోడ నుంచి కూడా వస్తుంది అన్న సంగతి నాకు తట్టలేదు.

పెట్టె చేసింది మాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన వడ్రంగి మేస్త్రి. నాకేమో అద్దం చుట్టూ ఫ్రేము స్క్రూలతో బిగించేసి, స్క్రూ తలలు కనపడకుండా పుట్టీ పెట్టి, గోడలో కలిసిపోయినట్టు ఉండాలని. ఆయన ఒప్పుకోలా. "లోపల కరెంటున్న దేనికైనా తలుపుండాలి బాబూ, రేపు వైరు కాలితే గోడ పగలగొడతావా" అన్నాడు. "బాగోదు బాబాయ్, బందులు కనపడతాయి" అంటే పక్కన సన్నటి ఇత్తడి బందులు మూడు పెట్టి, రెండోవైపు అల్మరాకి పెట్టే మాగ్నెట్ క్యాచ్ పెట్టాడు. కిటికీ రెక్క తీసినట్టు అద్దం మొత్తం తెరుచుకుంటుంది. ఆరోజు నాకు నచ్చలేదు, మొహమాటానికి ఊరుకున్నా.

అదే ఏడాది మే నెల. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మాది పైఫ్లోరు, పడమటి గోడ, సాయంత్రం ఏడింటికి చెయ్యి పెట్టినా కాలేది. ఒకరోజు రాత్రి లైటేస్తే బొమ్మకి అడ్డంగా ఏటవాలుగా నల్లటి గీత కనిపించింది. అద్దం పగిలిందేమో అని గుండె ఝల్లుమంది. మాగ్నెట్ దగ్గర పట్టుకుని తెరవబోతే ఒక బెత్తెడు వచ్చి లోపల ఏదో పట్టి లాగుతున్నట్టు ఆగింది. టార్చ్ వేసి చూశా. స్ట్రిప్ వెనక ఉండే గమ్ ఎండకి కరిగి, మీటరు పొడవు ఊడి వేలాడి, ఆ గమ్ వైపే వెళ్లి అద్దం వెనక రంగుకి అతుక్కుంది.

ఇక్కడ తప్పు చేశా. కొస పట్టుకుని మెల్లగా లాగా. చిన్న టిక్ మన్న చప్పుడు, బొటనవేలి గోరంత ఎర్రరంగు పెచ్చు స్ట్రిప్‌తో పాటు వచ్చేసింది. ఆ ముక్క ఇప్పటికీ అగ్గిపెట్టెలో దాచిపెట్టా. తర్వాత చెయ్యి పెట్టలేదు. స్విచ్ తీసేసి, స్ట్రిప్ మీద కత్తిరించుకోమని రాగి చుక్కలుంటాయి కదా అక్కడ కత్తెరతో కట్ చేసి, అతుక్కున్న మూడంగుళాల ముక్కని రంగుకే వదిలేశా. తీస్తే రంగు కూడా వస్తుంది, అందుకని ఈరోజుకీ అక్కడే ఉంది. లైటేస్తే ఆ చోట కొంచెం మసగ్గా ఉంటుంది, తెలిసినోళ్లు చూస్తేనే కనపడుద్ది, నాకు మాత్రం రోజూ ముందు అదే కనపడుద్ది.

ఆ బందులే లేకపోతే? స్క్రూలు పుట్టీ తవ్వి తీసేసరికి ఎంత రంగు పోయుండేదో. అసలు అంత పని ఎవడు పెట్టుకుంటాడులే అని నేను ఎండాకాలం అయ్యేదాకా అలాగే వదిలేసేవాణ్ణి, ఈలోపు స్ట్రిప్ మొత్తం అతుక్కునేది. మర్నాడు పొద్దున్నే మేస్త్రికి ఫోన్ చేసి చెప్తే "ఇప్పుడు స్ట్రిప్‌ని గమ్ముతో కాదు బాబూ, పట్టీతో పట్టించు" అన్నాడు. గవర్నర్‌పేటలో అల్యూమినియం ఛానెళ్లు తెచ్చి వెనక ప్లైకి స్క్రూలతో బిగించి, వాటికీ అద్దానికీ మధ్య పాలరంగు యాక్రిలిక్ షీటు పెట్టాం. ఇక ఏది ఊడినా షీటు మీదే పడాలి.

ఆ షీటు వల్ల అనుకోని లాభం ఒకటొచ్చింది. ఈ అద్దాల్లో టిల్ట్ (మిషన్‌ని మరీ ఊపేస్తే వెలిగేది), గేమ్ ఓవర్ లాంటి అక్షరాలు మిషన్‌లో అవసరమైనప్పుడే వెలిగేవి, వాటి వెనక విడిగా బల్బు ఉంటుంది. మనం వెనకంతా ఒకే వెలుగు పెడితే అన్నీ ఒకేసారి వెలుగుతాయి. స్కోరు అంకెలు తిరిగే చక్రాలు కనపడే కిటికీలు కూడా ఉంటాయి, అక్కడ రంగే ఉండదు, అందులోంచి మొదట్లో ఎల్ఈడీ చుక్కలు నేరుగా కళ్లలోకి కొట్టేవి, అది కూడా బాగానే ఉందిలే అని అప్పట్లో సర్దిచెప్పుకున్నా. ఇప్పుడు యాక్రిలిక్ మీద టిల్ట్, గేమ్ ఓవర్ ఉన్నచోట నల్ల చార్ట్ ముక్కలు, కిటికీల దగ్గర అంకెలు ప్రింట్ తీసిన కాగితం అంటించా. రంగుకి ఏదీ తగలదు. మా నాన్నకి అరవై తొమ్మిది నిండినరోజు కిటికీల్లో అన్నీ 69 పెట్టాం, తలుపు తీసి అంకెలు మార్చడం రెండు నిమిషాల పని.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి మా పిన్ని వాళ్లు వచ్చి ఆ గదిలోనే పడుకున్నారు. పిల్లలు చీకటికి భయపడుతుంటే ఈ లైటు డిమ్ చేసి రాత్రంతా ఉంచాం. అన్ని రాత్రులు తెల్లార్లూ వెలిగినా పెట్టె లోపల చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. మీరూ చేయించుకుంటే అడాప్టర్ మాత్రం పెట్టె బయటే పెట్టించండి, వేడెక్కేది అదే.

బందులకీ లోటు లేకపోలేదు. వానాకాలం చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుంటుంది, అప్పుడు లాగకుండా ఊరుకోవాలి. ఫ్రేముతో కలిపి పది కిలోలు దాకా తూగే బరువంతా ఒక పక్కనే వేలాడుతుంది కాబట్టి రెండేళ్లకి మాగ్నెట్ వైపు కొంచెం కిందకి జారింది, పై బందు స్క్రూలు తీసి పొడుగువి వేయించా. మాది సొంతిల్లు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, నాలుగు ఫాస్టెనర్లు గట్టిగా పట్టాయి. అద్దె ఇల్లైతే, లేదా నాలుగంగుళాల గోడైతే నేను దీన్ని గోడకి వేలాడదీయమని చెప్పను, బార్ కౌంటర్ మీదే కూర్చోబెట్టి వెనక్కి ఆనించుకోవచ్చు. పడమటి గోడ మాత్రం వద్దు, నాకు ఇంకో గోడ ఖాళీ లేక అక్కడ పెట్టా.

అన్నయ్య ఈ సంక్రాంతికి ఇంకో గ్లాస్ తెస్తానన్నాడు. మేస్త్రికి కొలతలు ఇచ్చేశా, ఈసారి తూర్పు గోడకి, బందులు పక్కన కాకుండా పైన పెట్టి, కారు బానెట్‌లా ఎత్తేట్టు చెయ్యమన్నా.