వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు వీ-మోడల్ మేలా, అజైల్ మేలా?

ఐటీ సేవల కంపెనీల్లో స్క్రమ్‌కు (పనిని చిన్న చిన్న విడతలుగా చేసే అజైల్ పద్ధతుల్లో ఒకటి) అలవాటుపడి, తరువాత బెంగళూరులోని వైద్య పరికరాల అభివృద్ధి కేంద్రాలకు మారిన మన తెలుగు ఇంజనీర్లలో చాలామంది ఇక అజైల్‌ను మరచిపోవలసిందేనని, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ దానిని ఒప్పుకోదని నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు. వైద్య సాఫ్ట్‌వేర్‌కు ప్రధాన ప్రమాణమైన ఐఈసీ 62304 ఏయే పనులు జరగాలో చెబుతుందే తప్ప, వాటిని ఏ నమూనాలో చేయాలో నిర్దేశించదు. అజైల్ పద్ధతులను ఈ నియమాలతో ఎలా కలపాలో వివరించే ఏఏఎంఐ అనే అమెరికా వైద్య పరికరాల ప్రమాణాల సంస్థ టీఐఆర్ 45 మార్గదర్శక పత్రం 2012లో వెలువడగా, మరుసటి ఏడాది ఎఫ్‌డీఏ దానిని తాను గుర్తించిన ప్రమాణాల జాబితాలో చేర్చింది. కనుక ఏది మేలో తేల్చవలసింది చట్టాన్ని చూసి కాదు, చేసే పనిని చూసి.

అవసరాలు, డిజైన్, కోడ్ వరుసగా పూర్తిచేసి, ఒక్కో దశకు తగిన పరీక్షతో సరిచూసే వీ-మోడల్ బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. రోగి నరంలోకి మందును కొలత ప్రకారం పంపే ఇన్ఫ్యూజన్ పంపును తీసుకుందాం. గొట్టంలో గాలి చేరితే మోటారు ఆగాలి, ప్రవాహానికి అడ్డు తగిలితే అలారం మోగాలి అన్న అవసరాలు మొదటి రోజునే తెలిసినవి, చివరిదాకా పెద్దగా మారనివి. ఈ భాగం విఫలమైతే ప్రాణం పోవచ్చు గనుక అది ఐఈసీ 62304లో అత్యధిక ప్రమాదాన్ని సూచించే సి తరగతిలోకి వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి చిన్న భాగానికీ (యూనిట్) వివరమైన డిజైన్ రాయవలసి ఉంటుంది. ఒక్కో అవసరానికి ఎదురుగా ఒక్కో పరీక్షను నిలిపే వీ-మోడల్ ఇక్కడ చక్కగా సరిపోతుంది.

అదే పంపు తెర విషయానికి వస్తే ఆ పద్ధతి తడబడుతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు మోతాదును ఎలా నమోదు చేస్తారో, రెండు అలారాలు ఒకేసారి మోగితే దేనిని ముందు చూస్తారో ఆఫీసులో కూర్చుని ఊహించి రాయలేము. పరికరం వారి చేతికి చివరి దశలో అందితే, అప్పుడు బయటపడిన లోపం కోసం రిక్వైర్‌మెంట్స్ నుంచి టెస్టు నివేదికల దాకా అన్నీ తిరగరాయాలి. గడువు తరుముతున్నప్పుడు జరిగే ఆ తిరగరాతలో నిజాయితీ సన్నగిల్లుతుందన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద ఆందోళన.

సేవల కంపెనీల స్క్రమ్‌ను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోవడం ఇంతకన్నా చెడ్డ ఎంపిక. సమగ్రమైన డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ అన్న 2001 నాటి అజైల్ ప్రకటన వాక్యం, డాక్యుమెంటే భద్రతకు సాక్ష్యమైన ఈ రంగంలో అలాగే చెల్లదు. పది స్ప్రింట్లు (కొద్ది వారాల పని విడతలు) కోడ్ రాసి, చివరి స్ప్రింట్‌లో రిస్క్ ఫైల్ (ప్రమాద విశ్లేషణ రికార్డు) నింపితే అది విశ్లేషణ అనిపించుకోదు.

తరచూ మార్పులు చేయడమే ప్రమాదమని వాదించేవారు ఒక బలమైన లెక్క చూపుతారు. 1992 నుంచి 1998 వరకు జరిగిన 3,140 పరికరాల రీకాల్స్‌ను (లోపం వల్ల మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవడం లేదా సరిచేయడం) ఎఫ్‌డీఏ పరిశీలించగా 242 సాఫ్ట్‌వేర్ వైఫల్యాల వల్ల జరిగాయని, వాటిలో 192 పరికరం మొదట మార్కెట్లోకి వెళ్లాక చేసిన మార్పుల్లో చొరబడిన లోపాల వల్లేనని తేలింది. ఈ లెక్క అజైల్‌కు వ్యతిరేకమని నేను అనుకోను. వీ-మోడల్‌లో తయారైన పరికరమూ విడుదల తరువాత మారక తప్పదు. రెండు వారాలకొకసారి చిన్న మార్పు చేసి, దాని ప్రభావాన్ని అంచనా వేసి, పాత పరీక్షలన్నీ మళ్లీ నడిపే అలవాటున్న జట్టు ఆ రోజుకు మెరుగ్గా సిద్ధమై ఉంటుంది.

అందుకే నా ఓటు కలగలుపు పద్ధతికి. సి తరగతి భాగాన్ని మిగతా సాఫ్ట్‌వేర్ నుంచి వేరుచేసే ఆర్కిటెక్చర్‌ను ముందే ఖరారు చేయాలి; ఆపైన ప్రతి స్టోరీతోపాటు (వాడుకరి అవసరాన్ని చెప్పే చిన్న పని) వైద్య పరికరాల ప్రమాద నిర్వహణ ప్రమాణమైన ఐఎస్‌ఓ 14971 ప్రకారం ప్రమాద విశ్లేషణ, అవసరం నుంచి పరీక్ష దాకా లింకులు చూపే ట్రేసబిలిటీ, పరీక్ష నివేదిక పూర్తయితేనే ఆ స్టోరీ పూర్తయినట్టు లెక్కించాలి. ఆ డిజైన్‌లో నేరుగా పాలుపంచుకోని వ్యక్తి సమీక్షలో కూర్చోవాలి, ఎందుకంటే ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రాడక్ట్ ఓనర్‌కు డెమో చూపడం డిజైన్ రివ్యూతో సమానం కాదు. రికార్డులు జిరా వంటి పనుల నమోదు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, వైద్య పరికరాల నాణ్యతా నిర్వహణ ప్రమాణమైన ఐఎస్‌ఓ 13485 ప్రకారం ఆ సాధనం వాడకాన్నీ వ్యాలిడేట్ చేయాలి, అంటే అది ఉద్దేశించిన పనికి సరిపోతుందని నిరూపించాలి. కొత్త జట్లు తరచుగా మరచేది ఇదే. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోనూ సాఫ్ట్‌వేర్‌తో సహా వైద్య పరికరాలన్నీ నియంత్రణలోకి వచ్చాయి గనుక, ఇక్కడి మార్కెట్‌కే తయారుచేసే బెంగళూరు స్టార్టప్‌లకూ ఇది వర్తిస్తుంది.

అయితే పాత పరీక్షలను ఆటోమేట్ చేసుకోని జట్టు, క్వాలిటీ విభాగం మనిషిని రోజువారీ పనిలో కలుపుకోలేని జట్టు ఈ పద్ధతిని ఇప్పుడే ఎత్తుకోకూడదు. ఆ రెండూ సమకూరేవరకు వారికి వీ-మోడలే సురక్షితం, తెరల నమూనాలను మాత్రం మొదటి నెలల్లోనే నర్సులకు చూపించుకోవాలి.