శ్రీకాకుళం వెళ్లి ఫ్రిజ్ కొనేముందు పర్లాకిమిడి వాళ్లు ఇది చదవండి

ఒడిషాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్లందరికీ. ఆషాఢం ఆఫర్లు మొదలయ్యాయి, వెనకాలే శ్రావణం పెళ్లిళ్లు. ఆడపిల్లకి సారె పెట్టాలని ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు కొనడానికి శ్రీకాకుళం, విశాఖపట్నం పెద్ద షోరూములకి బయల్దేరేవాళ్లు మన వీధిలోనే నలుగురున్నారు. వెళ్లేముందు మాకు జరిగింది చదవండి. ఊరూరా బ్రాంచీలున్న షోరూము అది. పేరు రాయడం లేదు. ఇలా చేసేది అదొక్కటే కాదని, మా వీధిలో వాళ్లని అడిగాక నాకు అర్థమైంది.

2023 దసరాకి మా పాత ఫ్రిజ్ పోయింది. మన ఊళ్లో కోట దగ్గర చిన్న ఎలక్ట్రికల్ కొట్టు నడిపే బాబాయ్‌ని అడిగితే 26,200 చెప్పాడు. అదే కంపెనీ, అదే మోడలు శ్రీకాకుళం షోరూములో 24,500. పదిహేడు వందలు తేడా. నరసన్నపేట మీదుగా బస్సులో వెళ్లి డబ్బు కట్టేశాం. బిల్లు కొట్టే దగ్గర అబ్బాయి, "ఇంకో 2,499 కడితే రెండేళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ మేడమ్, ఏ రిపేరొచ్చినా మీ ఇంటికొచ్చి చేస్తారు" అన్నాడు. కట్టాం. అంటే తేడా మిగలకపోగా పైన ఎనిమిది వందలు మేమే ఎదురు పెట్టాం. ఆ లెక్క ఆ రోజు మాకు తట్టలేదు.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. మా అడ్రస్ చెప్పగానే ఆ అబ్బాయి, "ఒడిషాకి మా బండి రాదు మేడమ్. పాతపట్నంలో చుట్టాలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. లేకేం? మా పెద్దమ్మ అక్కడే ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా విడిగా ఏర్పడి, మనం ఇటూ పాతపట్నం అటూ పడ్డాం గానీ, పిల్లనివ్వడం, పిల్లని తెచ్చుకోవడం ఏనాడూ ఆగలేదు కదా. ఆటో ఎక్కితే పెద్దమ్మ ఇల్లు. నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్లినప్పుడల్లా అక్కడే భోజనం. సరేనని పెద్దమ్మ అడ్రస్ చెప్పాను. బిల్లు మీదా, వారంటీ కాగితం మీదా అదే అడ్రస్, అదే పిన్ కోడ్ పడింది. మూడోనాడు ఫ్రిజ్ పాతపట్నంలో దిగింది. అక్కణ్నుంచి మేమే ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాం.

ఏడాదిన్నర బాగానే పనిచేసింది. 2025 మే నెలలో, నడి ఎండల్లో, ఒక రోజు తెల్లారి తలుపు తీస్తే లోపల వెచ్చగా ఉంది. లైటు వెలుగుతోంది, మోటారు శబ్దం వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. పాలు విరిగాయి, పెరుగు పులిసింది, అవి పోతే పోయాయి. మా అత్తయ్యకి షుగరు. తెరవని ఇన్సులిన్ సీసాలు మూడు తలుపు అరలో ఉన్నాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని డబ్బా మీదే రాసుంటుంది. అవి చేత్తో పట్టుకుని మందుల షాపుకి పరిగెత్తాను. ఎంతసేపు వెచ్చగా ఉన్నాయో తెలియదని, వాటిని వాడొద్దని షాపతను చెప్పాడు. కొత్త సీసా ఇచ్చి, "ఫ్రిజ్ బాగయ్యేదాకా ఇక్కడే ఉంచండమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి" అన్నాడు. కాగితం ముక్క మీద అత్తయ్య పేరు రాసి, సీసాకి రబ్బరు బ్యాండుతో కట్టి తన ఫ్రిజ్‌లో పెట్టాడు. పదకొండు రోజులు అక్కడే ఉంది. ఆయన మా దగ్గర రూపాయి తీసుకోలేదు.

ఇక షోరూము సంగతి. ఫోన్ చేస్తే, "అమ్మకం వరకే మాది, వారంటీ వేరే కంపెనీ చూస్తుంది" అని ఒక టోల్ ఫ్రీ నంబరు ఇచ్చారు. ఏ రిపేరొచ్చినా ఇంటికొస్తారని చెప్పి డబ్బు తీసుకున్నది తామేనని ఒప్పుకోవడానికే వాళ్లకి నోరు రాలేదు. టోల్ ఫ్రీలో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పిన్ కోడ్ అడిగింది. 761200 అన్నాను. "ఆ పిన్ కోడ్‌కి మా సర్వీసు లేదండి. పైగా మీ బిల్లు ఆంధ్రాది" అంది. ఫ్రిజ్ తయారుచేసిన కంపెనీ ఒడిషా నంబరుకి చేస్తే, ఏడాది దాటింది కాబట్టి డబ్బు కట్టాలని, మనిషి బరంపురం నుంచి రావాలని, ఎప్పుడొస్తాడో చెప్పలేమని అన్నారు. మళ్లీ టోల్ ఫ్రీకి చేశాను. ఈసారి ఇంకొకరు ఎత్తి, బిల్లు మీద ఉన్న పాతపట్నం అడ్రస్‌కైతే పంపుతామన్నారు.

నేను మా ఇంటి దారి చెబుతూనే ఉన్నాను. మెకానిక్ నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడకి డెబ్భై దాటాయి. "ఫ్రిజ్ ఇక్కడ లేదు బాబూ, పర్లాకిమిడిలో ఉంది, కొంచెం ముందుకెళ్తే వచ్చేస్తుంది" అని చెప్పిందట. "అక్కడికి మాకు పర్మిషన్ లేదు మామ్మా" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. అతను గేటు దాటాడో లేదో నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: కస్టమర్ అందుబాటులో లేరు, కంప్లైంట్ మూసేశాం. రోజంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్న నేను అందుబాటులో లేనట!

అతని మీద నాకు కోపం లేదు. తిట్లు తినడానికి వాకిట్లోకి వచ్చేది ఆ అబ్బాయిలే, నిర్ణయాలు చేసేవాళ్లు మనకెప్పుడూ కనబడరు.

చివరికి ఏం చేశామో చెబితే మీకు నవ్వొస్తుందేమో, నాకైతే ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆటోకి ఆరు వందలిచ్చి ఫ్రిజ్‌ని మళ్లీ పాతపట్నం తీసుకెళ్లి పెద్దమ్మ వరండాలో పెట్టాం. రెండ్రోజులకి మెకానిక్ వచ్చాడు. వెనక చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ లీకు. మీ ప్లాన్‌లో గ్యాస్‌కి కవరేజీ లేదక్కా" అన్నాడు. కాగితం వెనక సన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. మరి కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ అని తలుపు మీద స్టిక్కరుంది కదా అంటే, కంప్రెసర్ పాడైతే ఆ ఒక్క పార్టే ఇస్తారని, గ్యాసూ కూలీ మనవేనని చెప్పాడు. మా కార్డు తీసి చూస్తే అదీ నిజమే. మీ ఇంట్లో ఉన్న కార్డు కూడా ఇప్పుడే తీసి చదవండి.

ఫ్రిజ్‌ని తిరిగి ఆటోలో తెస్తుంటే కోట దగ్గర బాబాయ్ చూశాడు. ఆయన దగ్గర కొనలేదన్న మొహమాటంతో నేను తల దించుకున్నాను. ఆయనే ఎదురొచ్చి, "ఏటి తల్లీ, ఏటైంది?" అని అడిగాడు. నువ్వు నా దగ్గర కొనలేదు కదా అన్న మాట ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. సాయంత్రానికి తన కొట్లో మెకానిక్‌ని ఇంటికి పంపాడు.

ఆ కుర్రాడి పని నేను పక్కనే నిలబడి చూశాను. నైట్రోజన్ ఎక్కించి, కంప్రెసర్ దగ్గర అతుకులున్న ప్రతిచోటా కుంచెతో సబ్బు నురగ రాశాడు. రెండో అతుకు దగ్గర ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. "ఇదిగో అక్కా, ఇక్కడే" అని నాకు చూపించాడు. లీకు మూయకుండా గ్యాస్ మాత్రం పట్టేసి పోయేవాళ్లూ ఉంటారని, అలా చేస్తే నెల తిరక్కుండా మళ్లీ పిలవాల్సిందేనని చెప్పాడు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్‌కి మంట అంటుకునే గుణం ఉంది. అందుకే ముందే కిటికీలు తీయించాడు, వంటింట్లో స్టవ్ ఆర్పించాడు. అతుకు వేశాక సిలిండర్‌ని చిన్న తూకం మీద పెట్టి, గ్రాముల లెక్క చూస్తూ గ్యాస్ పట్టాడు. మొత్తం 2,300 అయింది. లెటర్‌హెడ్ మీద బిల్లు రాసి, అతుకుకి ఆరు నెలల గ్యారంటీ అని కింద సంతకం పెట్టాడు. వారం తర్వాత బాబాయ్ తనే ఫోన్ చేసి, చల్లదనం సరిగా ఉందా అని అడిగాడు.

చిన్న కొట్లన్నీ మంచివని నేను చెప్పను. మన బజార్లోనే ఒకతను నాకు మిక్సీ అమ్మి, కచ్చా చీటీ చేతిలో పెట్టాడు. జార్ పగిలితే, "మా దగ్గర కొన్నారని రుజువేది?" అన్నాడు. బిల్లు ఇవ్వకపోవడం అన్యాయ వ్యాపార పద్ధతి అని వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాసుంది. కొట్టు చిన్నదైనా పెద్దదైనా బిల్లు లేకుండా కదలకండి. బాబాయ్ కొట్టుకీ ఆ కొట్టుకీ మధ్య నాకు కనబడిన తేడా బిల్లే. పెద్ద షోరూముకీ బాబాయ్‌కీ తేడా ఏమిటంటే, రిపేరు వస్తే ఎవరొస్తారో బాబాయ్ మనిషిని చూపించి చెప్పగలడు.

కాబట్టి సరిహద్దు దాటి కొనేవాళ్లు డబ్బు కట్టకముందే ఇలా అడగండి: నా పిన్ కోడ్‌కి సర్వీసుకి ఎవరొస్తారు? ఆ సంగతి బిల్లు మీద రాసిస్తారా? నోటితో సరే అంటే నమ్మకండి. డెలివరీ కోసం పాతపట్నంలోనో పార్వతీపురంలోనో చుట్టాల అడ్రస్ ఇవ్వాల్సివస్తే, అది డెలివరీ వరకే రాయించి, బిల్లు, వారంటీ మీద మీ ఇంటి అడ్రసే వేయించండి. అలా వేయడం కుదరదంటే అక్కడ కొనకండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎవరిస్తున్నారో, దేనికి వర్తించదో డబ్బు కట్టకముందే కాగితం తెప్పించుకుని చదవండి. తెలుగులో చదివి వినిపించమని అడిగితే తప్పేం లేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. నేను జూన్‌లో ఫిర్యాదు పెట్టాక షోరూము నుంచి మొదటిసారి వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. 2,499 వెనక్కి వేశారు. ఆటో ఖర్చు, రిపేరు ఖర్చు మాత్రం ఇవ్వలేమన్నారు.

వాటికోసం వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. కొన్నది శ్రీకాకుళంలో కాబట్టి కేసూ అక్కడే వేయాలని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. 1986 నాటి పాత చట్టంలో అమ్మినవాళ్లు ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో వేయాల్సివచ్చేది. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో మనం ఉండే జిల్లాలోనో, పనిచేసే జిల్లాలోనో కూడా వేసుకోవచ్చు. మన గజపతి జిల్లా కమిషన్ పర్లాకిమిడిలోనే ఉంది. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అందుకే బిల్లు, మెసేజులు, కంప్లైంట్ నంబర్లు ఒక్కటీ చెరిపేయకండి.

మా బిల్లు, వారంటీ కాగితం వెనక సన్న అక్షరాలు, "అందుబాటులో లేరు" మెసేజ్, అన్నిటి ఫొటోలూ దాచి ఉంచాను. ఈ నెలలో కొనబోయేవాళ్లు ఎవరైనా చూడాలంటే అడగండి, వెంటనే పంపిస్తాను.