స్కూల్ టూర్‌కి ఆర్టీసీ బస్సా, ట్రావెల్స్ బస్సా?

కార్తీక మాసం దగ్గరపడితే తోటి టీచర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు ముందే అనుకుని ఉంటారు. మా విజయవాడ చుట్టుపక్కల స్కూళ్లకైతే ఒక్కరోజు టూర్ అంటే నాగార్జునసాగర్, అనుపు, ఎత్తిపోతల. రెండు మూడు రోజులైతే విశాఖ, అరకు. పర్మిషన్ ఫైల్లో ఏముండాలో కూడా అందరికీ తెలుసు: రోజువారీ ప్రోగ్రాం, పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, ఆడపిల్లలకు తోడుగా వెళ్లే మేడమ్ పేరు. ఇక తేలనిది బస్సు సంగతే. ఆర్టీసీ వాళ్లను అడగాలా, ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడుకోవాలా?

పిల్లల్ని అడిగితే ట్రావెల్స్ బస్సే అంటారు. పుష్‌బ్యాక్ సీట్లు, రంగు లైట్లు, బస్సు అదిరిపోయే పాటలు. వాళ్లను తప్పుపట్టలేం, టూర్‌లో వాళ్లకి సగం సరదా బస్సులోనే. ఆర్టీసీలో పల్లెవెలుగు బస్సు దొరికితే రెండు గంటలకే నడుములు పట్టేస్తాయి. సూపర్ లగ్జరీ అడిగితే అద్దె పెరుగుతుంది.

డబ్బు విషయంలో పైకి ట్రావెల్సే చవక. ఆర్టీసీ లెక్క డిపోలో బస్సు కదిలినప్పటి నుంచి మళ్లీ డిపోకి చేరేదాకా నడుస్తుంది. డిపో మీ ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే, పిల్లలు ఎక్కకముందు 20, దిగాక 20 మీ ఖాతాలోనే. ట్రావెల్స్ వాళ్లు ఒక మొత్తం చెప్పేస్తారు. తర్వాత టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, ప్రోగ్రాంలో లేని చోటికి తిప్పితే అదనం. అన్నీ కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. అడ్వాన్స్ ఇచ్చేముందే ఏది కలిసింది, ఏది కలవలేదో కాగితం మీద రాయించుకోండి. ఈమధ్య కొందరు తల్లులు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: ఆడపిల్లలకు బస్సు ఫ్రీ కదా, మళ్లీ డబ్బులెందుకు అని. ఉచిత ప్రయాణం మామూలు సర్వీసుల్లో, అద్దెకు తీసుకున్న బస్సుకు వర్తించదు. పిల్లలకు డబ్బులు చెప్పేటప్పుడే ఇది కూడా చెప్పేస్తే గొడవుండదు.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: ఈ డ్రైవరు నిన్న రాత్రి ఎక్కడున్నాడు?

మన టూర్లు ఏ నెలల్లో పడతాయో చూడండి. నవంబరు నుంచి జనవరి దాకా. సరిగ్గా అదే అయ్యప్ప సీజన్, అదే కార్తీక సోమవారాల పంచారామాల రద్దీ. ట్రావెల్స్ బండ్లన్నీ శబరిమల రోడ్డు మీదే ఉంటాయి. ఇక్కడి నుంచి వెళ్లడానికే వెయ్యి కిలోమీటర్ల పైమాట. అలా వెళ్లొచ్చిన బండిని కడిగి, దండలు తీసేసి, మర్నాడు తెల్లవారుజామున స్కూలు గేటు ముందు పెడతారు. ‘ఫ్రెష్ బండి సార్, నిన్ననే సర్వీసింగ్ అయింది’ అంటాడు ఓనరు. బండికి సర్వీసింగ్ అయ్యుండొచ్చు. డ్రైవరుకి నిద్ర అయిందా?

2022 అక్టోబరు 5 రాత్రి కేరళలో పాలక్కాడ్ జిల్లా వడక్కంచేరి దగ్గర, స్కూలు పిల్లల్ని ఊటీ టూర్‌కి తీసుకెళ్తున్న ట్రావెల్స్ బస్సు ముందు వెళ్తున్న అక్కడి ఆర్టీసీ బస్సును వెనక నుంచి గుద్దింది. 9 మంది చనిపోయారు. అందులో 5 మంది విద్యార్థులు, ఒకరు టీచరు. ఆ డ్రైవరు ఆ రోజు ఉదయమే వేలాంకణి ట్రిప్పు ముగించుకుని వచ్చి, సాయంత్రం ఈ పిల్లల్ని ఎక్కించుకున్నాడని తర్వాత బయటపడింది. బస్సు పైకి బాగానే ఉంది. పిల్లలు ముచ్చటపడే బస్సే.

చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు, దూరప్రయాణాల్లో 10 గంటల దాకా. విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి అరకుకు మరో 110కి పైగా, అందులో ఘాట్ రోడ్డు. టిఫిన్లకి ఆగుతూ వెళ్తే ఒక్క డ్రైవరుతో ఇది చట్టం లోపల జరిగే పని కాదు. ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లు ఈ లెక్క ఎందుకు అడగరో నాకు అర్థం కాదు. అంగీకార పత్రంలో ఒక తేదీ తప్పుంటే ఫైలు వెనక్కి వస్తుంది. బస్సుకి ఒకే డ్రైవరు ఉంటే మాత్రం ఎవరికీ పట్టదు.

నేను ఆర్టీసీ వైపు మొగ్గేది ఇందుకే. అక్కడ డ్రైవరుకి డ్యూటీ చార్టు ఉంటుంది, నిన్న ఎక్కడ తిరిగాడో డిపోలో రాసి ఉంటుంది. బండెక్కేముందు తాగాడో లేదో తెలిసే ఊదుడు పరీక్ష ఉంటుంది. దూరమైతే రెండో డ్రైవరు కావాలని దరఖాస్తులోనే రాయొచ్చు. దారిలో బండి ఆగిపోతే దగ్గర్లో ఏదో ఒక డిపో ఉంటుంది. ట్రావెల్స్‌లో ఇదంతా ఓనరు మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. మంచి ఓనర్లు లేరనను, ఉన్నారు. కానీ మంచి ఓనరు బండి సీజన్లో ఖాళీగా ఉండదు, తెలిసినవాడి బండిని పంపిస్తాడు. ఫైల్లో ఒక నంబరు, గేటు ముందు ఇంకో నంబరు. పర్మిషన్ ఉన్నది ఆ బస్సుకి కాదు. అయినా పిల్లలు టిఫిన్ బాక్సులతో సహా నిలబడి ఉంటారు, వెళ్లిపోండి అని ఏ హెచ్ఎం అనగలడు?

ఆర్టీసీతో ఇబ్బంది బస్సు దొరకడమే. పంచారామాలకు, శబరిమలకు వాళ్లూ స్పెషల్స్ వేస్తారు. శని, ఆదివారాలు, సోమవారాలు వదిలేసి మంగళ, బుధవారాలు అడిగితే డిపో మేనేజర్ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. గురువారమైనా పర్వాలేదు. శుక్రవారం మాత్రం వద్దు, నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు.

స్కూలు సొంత బస్సు ఉన్నవాళ్లకి సాగర్ దాకా అది చాలు. పర్మిట్‌లో ఏ ప్రాంతం రాసుందో చూసుకోండి. పొద్దున ట్రిప్పులు కొట్టిన డ్రైవర్నే టూర్‌కి ఎక్కించకండి.

రైలు సంగతి అరకుకి మాత్రమే. రాత్రికి విశాఖ చేరితే పొద్దున కిరండూల్ ప్యాసింజర్, దారంతా సొరంగాలు, బొర్రా గుహల స్టేషన్. గ్రామీణ ప్రభుత్వ స్కూళ్లకు ఏడాదికోసారి సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ కూడా ఉంది. పిల్లల తలలు లెక్కపెట్టుకోవడం మాత్రం టెన్షనే. అరకులో తిరగడానికి ఎలాగూ జీపో, బస్సో కావాలి.

ట్రావెల్స్ తప్పనిసరైతే బస్సు నంబరు, ఇద్దరు డ్రైవర్ల లైసెన్సులు వారం ముందే తీసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. ముందురోజు బండి, డ్రైవర్లు ఊళ్లోనే ఉండాలని ఒప్పందంలో రాయించండి. రాత్రి పదింటి తర్వాత చక్రం కదలకూడదని కూడా. మనం డార్మిటరీలో పడుకుంటే డ్రైవర్లు దోమల్లో బస్సు సీట్ల మీద పడుకుంటారు. ఖర్చుల పట్టీలో వాళ్ల గదికి కూడా ఒక లైను పెట్టండి.